ఆఫీసులో అప్పగింతలు

ఈ నెల నేను రాయాలనుకున్న మాట "అప్పగింతలు". మీలో చాలామంది ఈ మాట పెళ్లిళ్లలో వినే ఉంటారు. పెళ్లి చివర్లో అమ్మాయి చేతులు పాలలో అద్ది, అత్తింటివాళ్ల చేతుల్లో పెట్టి, "ఇక మీ పిల్ల" అని చెప్పే తంతు అది. అక్కడ మగపెళ్లివాళ్లకి కూడా కళ్లు తడుస్తాయి. ఈ మాట "అప్పగించడం" నుంచి వచ్చింది. ఒకరి చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం అన్నమాట. తెలుగు పేపర్లలో ఇదే మాట ఆఫీసుకి కూడా వాడతారు: "కొత్త కలెక్టర్‌కి బాధ్యతలు అప్పగించారు."

నాకు అరవై నాలుగేళ్లు. గత మూడేళ్లుగా నా ఉద్యోగాన్ని కొంచెం కొంచెంగా అప్పగిస్తూ వచ్చాను. మొన్న మార్చిలో అది పూర్తయింది. "ఎలా చేశారు? జీతం ఏమైంది? వీసా ఏమైంది?" అని గుడిలో చాలామంది అడుగుతున్నారు. అందరికీ కలిపి ఒకసారి రాస్తే బాగుంటుందనిపించింది. ఎలాగూ మనం తెలుగు నేర్చుకుంటున్నాం కాబట్టి, తెలుగులోనే రాస్తున్నాను.

ముందు మాటలు

ఉద్యోగం ముగించడానికి పేపర్లో వాడే మాట "పదవీ విరమణ". ఇంట్లో మాత్రం అందరూ "రిటైరయ్యారు" అనే అంటారు. "విరమణ", "విరామం" అనే రెండు మాటలూ ఒకే మూలం నుంచి వచ్చాయి. సినిమాలో విరామం తర్వాత కథ మళ్లీ మొదలవుతుంది. విరమణ తర్వాత మొదలవదు. పాత తెలుగులో ఉద్యోగాన్ని "కొలువు" అనేవాళ్లు. "కొలువు చాలించాడు" అంటే పని ముగించాడని. నాకు ఈ "చాలించడం" చాలా నచ్చింది. "చాలు" అనే చిన్న మాట అందులో ఉంది. ఎప్పుడు చాలు అనుకోవాలో మనిషే నిర్ణయించుకున్నట్టు వినిపిస్తుంది.

ఇక్కడ బహ్రెయిన్‌లో అరబిక్‌లో రిటైర్మెంట్‌ని "తఖాఉద్" అంటారు. దాని మూలంలో ఉన్న అర్థం "కూర్చోవడం". మనవాళ్లు కూడా అదే అంటారు కదా, "ఆయన రిటైరై ఇంట్లో కూర్చున్నాడు" అని. సముద్రానికి ఇటూ అటూ ఉన్న రెండు భాషలకి ఒకే కుర్చీ కనిపించింది.

నా ప్రశ్న అక్కడే మొదలైంది. నలభై ఏళ్లు నిలబడి పని చేసిన మనిషి ఒక్క సాయంత్రంలో కూర్చోవాలా? మెల్లగా కూర్చోకూడదా?

ఒక్క రోజులో కూర్చున్నవాళ్లు

మా పెదనాన్న హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. లెక్కల విభాగంలో పని చేసేవారు. మేము ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్లం. సెలవులకి వెళ్లినప్పుడు ఆయనతో మాట్లాడాలంటే నాకు ఇంగ్లీషే దిక్కు. ఆయన నాతో ఆఫీసు ఇంగ్లీషులో, చాలా మర్యాదగా మాట్లాడేవారు.

1983 జనవరిలో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఫిబ్రవరిలో ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసుని 58 నుంచి 55కి తగ్గించింది. అప్పటికే 55 దాటినవాళ్లంతా ఆ నెలాఖరుకి దిగిపోవాలి. ఒక్క ఫిబ్రవరి 28న పద్దెనిమిది వేలకి పైగా ప్రభుత్వ ఉద్యోగులు ఇంటికి వెళ్లారు. ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1984లో వయసు మళ్లీ 58 అయింది. పెదనాన్నకి అప్పటికే 58 దాటిపోయాయి.

ఆర్డరు వచ్చిన రోజు నుంచి ఆఖరి రోజు దాకా మధ్యలో మూడు వారాలు కూడా లేవు. పెదనాన్నకి డబ్బు ఇబ్బంది రాలేదు. పింఛను వచ్చేది. కానీ ఆ ఏడాది వేసవిలో నేను వెళ్లేసరికి ఆయన ఇంట్లో పాల ప్యాకెట్లకి ఒక ఫైలు తెరిచారు. ఏ రోజు ఎన్ని వచ్చాయి, ఎన్ని విరిగాయి, పాలబ్బాయికి ఎంత బాకీ అని రాసి, కింద తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టేవారు. పెద్దమ్మ పేజీ చివర "చూశాను" అని సంతకం పెట్టాలి. పెద్దమ్మ నవ్వుతూ పెట్టేది. ఆయన నవ్వేవారు కాదు.

అప్పటి నుంచి ఆ అంకె చాలాసార్లు మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 చేశారు. 2022 జనవరి నుంచి 62. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెంచారు. అంకె పైకీ కిందకీ కదిలింది కానీ పద్ధతి అలాగే ఉంది. నెలలో చివరి రోజు, ఒక శాలువా, ఒక పూలదండ, రెండు ఉపన్యాసాలు, ఒక గోడ గడియారం. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఏం చేయాలో ఆ గడియారం చెప్పదు.

మన ఇళ్లలో ఉన్న పాత పద్ధతులు

నేను తెలుగు నేర్చుకుంటూ సామెతలు, పాత మాటలు పోగు చేస్తున్నప్పుడు ఒక విషయం గమనించాను. నెల జీతం లేని పనుల్లో రిటైర్మెంట్ ఎప్పుడూ మెట్లుమెట్లుగానే జరిగేది.

ఇంటి సంగతి తీసుకోండి. పాత ఇళ్లలో అత్తగారి బొడ్డులో తాళాలగుత్తి ఉండేది. కొత్త కోడలికి మొదటి రోజే గుత్తి ఇవ్వరు. ముందు వంటిల్లు, తర్వాత సామాన్ల గది, చాలా ఏళ్లకి ఇనప్పెట్టె. చివరికి గుత్తి చేతులు మారిన రోజుకి ఇంట్లో అందరికీ ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఆ రోజున ఎవరూ శాలువా కప్పరు.

దుకాణం సంగతి చూడండి. మనామా పాత బజారులో శ్రీనాథ్‌జీ గుడి ఉంది. సింధ్‌లోని ఠట్టా నుంచి వచ్చిన వ్యాపారులు కట్టుకున్న గుడి. రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 2019 ఆగస్టులో మన ప్రధాని వచ్చినప్పుడు దాని పునర్నిర్మాణం పనులు మొదలుపెట్టారు. ఆ సందుల్లో నడుస్తుంటే కొన్ని బట్టల దుకాణాల్లో ముసలాయన ఇంకా గల్లాపెట్టె దగ్గర కూర్చుని కనిపిస్తాడు. బేరం కొడుకు ఆడతాడు, సరుకు మనవడు తెస్తాడు. ముసలాయన పొద్దున్న రెండు గంటలు కూర్చుని, చిల్లర లెక్కపెట్టి, పాత ఖాతాదారులని పలకరించి ఇంటికి వెళ్లిపోతాడు. ఆయన రిటైరయ్యాడా లేదా? అడిగితే ఆయనకి ప్రశ్నే అర్థం కాదు.

పొలం సంగతి ఇంకొకరు చెప్పారు. అది కింద రాస్తాను.

మెల్లగా దిగడం పరాయి దేశాల ఆలోచన అని కొందరంటారు. నాకు అలా అనిపించదు. అది మనకి ఎప్పుడూ ఉంది. నెల జీతం వచ్చాక పోయింది. జీతానికి ఒక మొదటి తేదీ, ఒక చివరి తేదీ కావాలి. వాటి మధ్య మెట్లు కట్టడం ఎవరికీ తోచలేదు.

తర్వాత కొన్ని దేశాలు ఆ మెట్లని మళ్లీ కట్టాయి. స్వీడన్ 1976లో అరవై దాటినవాళ్లు పని గంటలు తగ్గించుకుని, తగ్గిన జీతానికి బదులు కొంత పింఛను తీసుకునే పద్ధతి పెట్టింది. జపాన్‌లో 2021 ఏప్రిల్ నుంచి, 70 ఏళ్ల దాకా పని చేయాలనుకునేవాళ్లకి ఏదో ఒక దారి చూపించడానికి కంపెనీలు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 2014లో వచ్చిన పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. సగం రోజులు పని, సగం పింఛను. అందులో ఒక షరతు ఉంది: పని చేసే సమయంలో ఐదో వంతు, తన తర్వాత వచ్చేవాళ్లకి నేర్పడానికి వాడాలి. అంటే అప్పగింతలకి గంటలు కేటాయించి, వాటికి జీతం ఇస్తున్నారు.

గల్ఫ్‌లో మెట్లు ఎందుకు కష్టం

హైదరాబాద్‌లో రిటైరైతే ఉద్యోగం ఒక్కటే పోతుంది. ఇల్లు, వీధి, కూరగాయల బండి, డాక్టరు అలాగే ఉంటారు. గల్ఫ్‌లో మనలాంటివాళ్లకి ఉద్యోగమూ, ఆ దేశంలో ఉండే హక్కూ ఒకే దారానికి కట్టి ఉంటాయి. ఉద్యోగం పోతే రెసిడెన్సీ పోతుంది. రెసిడెన్సీ పోతే సీపీఆర్ కార్డు, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, ముప్పై ఏళ్ల స్నేహాలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కదులుతాయి.

అందుకే ఇక్కడ "మెల్లగా రిటైరవుతాను" అనే మాటలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, పని ఎలా తగ్గించుకోవాలి? రెండు, పని తగ్గాక ఎవరి కాగితం మీద ఇక్కడ ఉండాలి?

రెండో ప్రశ్నకి ఈ మధ్య కొన్ని జవాబులు వచ్చాయి. మేముండే అమ్వాజ్ సముద్రంలో ఇసుక పోసి కట్టిన దీవులు. ముహర్రక్ దాటి ఇంకా ఈశాన్యానికి వస్తే కనిపిస్తాయి. "అమ్వాజ్" అంటే అరబిక్‌లో "అలలు". విదేశీయులు సొంతంగా ఇల్లు కొనుక్కోగలిగే చోట్లలో ఇది ఒకటి. సొంత ఇల్లు ఉన్నవాళ్లు కంపెనీ స్పాన్సర్ లేకుండా, తమ పేరు మీదే రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. 2022 ఫిబ్రవరిలో పదేళ్ల గోల్డెన్ రెసిడెన్సీ వచ్చింది. మొదలైనప్పుడు దానికి షరతులు ఇవి: బహ్రెయిన్‌లో ఐదేళ్లు పని చేసి సగటున నెలకి 2,000 దినార్ల మూల జీతం ఉండాలి, లేదా 2,00,000 దినార్ల ఆస్తి ఉండాలి. పెద్ద పింఛను వచ్చే రిటైరైనవాళ్లకి కూడా ఒక దారి పెట్టారు. ఈ అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున మళ్లీ చూసుకోండి.

మేము పదిహేనేళ్ల క్రితం ఇక్కడ ఒక చిన్న ఫ్లాట్ కొన్నాం. అప్పుడు గాలి కోసం, సముద్రం కోసం కొన్నామనుకున్నాం. ఆ ఫ్లాట్ ఉండబట్టే నా మెట్లకి కింద నేల దొరికింది.

నా మూడు మెట్లు

నేను మనామాలో ఒక వ్యాపార సంస్థలో ఇరవై ఏళ్లకి పైగా లెక్కలు చూశాను. అరవై ఒకటో ఏట మా యజమానిని ఒక గంట సమయం అడిగాను. ఒక కాగితం తీసుకెళ్లాను. దాని మీద మూడు మెట్లు రాసి ఉన్నాయి.

మొదటి మెట్టు: వారానికి ఐదు రోజుల బదులు మూడు రోజులు. ఆది, మంగళ, గురువారాలు. జీతం ఐదింట మూడు వంతులు. ఇక్కడ వారాంతం శుక్ర, శని కాబట్టి మా వారం ఆదివారంతో మొదలవుతుంది.

రెండో మెట్టు: నెలాఖరు మూడు రోజులు, కొత్త నెల మొదటి మూడు రోజులు మాత్రమే. లెక్కలు మూసే సమయం అదే.

మూడో మెట్టు: ఏడాదికి ఒకసారి, ఆడిట్ వచ్చినప్పుడు. ఆ తర్వాత సెలవు.

ఆయన కాగితం చదివి, "మీరు లేకపోతే ఎలా?" అని అడిగారు. అది మర్యాద మాట. రెండో ప్రశ్న అసలు ప్రశ్న: "మూడు రోజుల జీతానికి ఐదు రోజుల పని చేస్తారా?" నేను నవ్వి, "చేయను, ఇంకొకరికి నేర్పుతాను" అన్నాను. అక్కడ ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు డబ్బు లెక్క చెప్తాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి.

బహ్రెయిన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగి వెళ్లిపోయేటప్పుడు సర్వీసు డబ్బు వస్తుంది. మొదటి మూడేళ్లకి ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి ఒక నెల జీతం. ఏ జీతం? చివరి మూల జీతం. నెలకి 600 దినార్ల మీద ఇరవై ఏళ్లు పని చేసినవాళ్లని తీసుకుందాం. మూడేళ్లకి 900, మిగిలిన పదిహేడేళ్లకి 10,200, మొత్తం 11,100 దినార్లు. అదే మనిషి చివరి ఏడాది సగం రోజులకి, సగం జీతానికి మారి, ఆ 300 మీద లెక్క కడితే? మొత్తం 5,550. ఒక్క ఏడాది మెల్లగా దిగినందుకు సగం డబ్బు నీళ్లలో కలుస్తుంది.

అందుకే మెట్టు దిగకముందే, పాత ఏళ్ల లెక్కని పాత జీతం మీద తేల్చి, కొత్త జీతానికి కొత్త ఒప్పందం రాయించుకున్నాను. "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అని మన సామెత. వెలుగున్నప్పుడే పని ముగించుకోవాలని అర్థం. లెక్కలు చూసే మనిషికి ఇంతకంటే మంచి సామెత లేదు.

2024 మార్చి నుంచి ఇక్కడ పద్ధతి మారింది. సర్వీసు డబ్బుని కంపెనీ తన దగ్గర ఉంచుకోకుండా, ప్రతి నెలా ప్రభుత్వ సామాజిక బీమా సంస్థకి కడుతుంది. మొదటి మూడేళ్లకి జీతంలో 4.2 శాతం, తర్వాత 8.4 శాతం. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. ఏడాదికి ఒక నెల జీతం అంటే పన్నెండో వంతు, అంటే సుమారు 8.3 శాతం. అందులో సగం 4.2. పాత లెక్కే, నెలనెలా కట్టేలా మార్చారు. దీని వల్ల మెల్లగా దిగేవాళ్లకి ఒక మేలు జరిగింది. ఏ నెల డబ్బు ఆ నెల జీతం మీద పడుతుంది. రేపు జీతం తగ్గినా నిన్న కట్టింది తగ్గదు. 2024కి ముందు ఏళ్ల డబ్బు మాత్రం కంపెనీ దగ్గరే ఉంటుంది. దాన్ని ఏ జీతం మీద లెక్క కడతారో కాగితం మీద రాయించుకున్నాకే మెట్టు దిగండి.

దిగేటప్పుడు కష్టమైనవి

డబ్బు కంటే కష్టమైనది కుర్చీ. మొదటి వారంలోనే నా పాత బల్ల నా తర్వాత వచ్చిన అబ్బాయికి ఇచ్చి, నేను జిరాక్స్ మెషీన్ పక్కన చిన్న బల్లకి మారాను. అతనిది కొట్టాయం. వయసు ముప్పై రెండు. నన్ను "మేడం" అంటాడు, ఇప్పుడు కూడా.

అందరూ ఫోన్ నాకే చేసేవాళ్లు. బ్యాంకువాళ్లు, సరుకు పంపేవాళ్లు, గిడ్డంగి మనుషులు. నాకు జవాబు తెలుసు. చెప్తే అర నిమిషం పని. కానీ నేను చెప్పిన ప్రతిసారీ అతను ఒక అంగుళం పొట్టివాడవుతాడు. కాబట్టి ఒక నియమం పెట్టుకున్నాను: "అతన్ని అడగండి. అతనికి కావాలంటే నన్ను అడుగుతాడు." ఈ రెండు వాక్యాలు ఇంగ్లీషులో, హిందీలో, నాకొచ్చిన కొంచెం అరబిక్‌లో కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. నాలుగో నెలకి ఫోన్లు తగ్గాయి. ఆ నెలలో ఒక రోజు నా ఫోన్ మధ్యాహ్నం దాకా మోగలేదు. సంతోషించాల్సిన రోజు. నేను రెండుసార్లు ఫోన్ తీసి, ఛార్జింగ్ ఉందా అని చూసుకున్నాను.

అతను వోచర్ల నంబర్ల పద్ధతి మార్చాడు. ఇరవై ఏళ్లుగా నేను నడిపిన పద్ధతి అది. నన్ను అడిగాడు, నేను "నీ ఇష్టం, నాన్నా" అన్నాను. ఆ మాట నోటి నుంచి రావడానికి ఒక పూట పట్టింది. ఆడిట్ వచ్చినప్పుడు చూశాను. అతని పద్ధతిలో కాగితం వెతకడం తేలికైంది.

ఇక్కడ మీకు ఇంకో మాట నేర్పాలి: "పొమ్మనలేక పొగబెట్టడం". ఇంట్లో ఉన్నవాళ్లని నేరుగా వెళ్లమనలేక, పొయ్యిలో పొగ పెట్టి వాళ్లే లేచి వెళ్లేలా చేయడం. మెట్లు దిగే ప్రతి మనిషికీ ఈ అనుమానం వస్తుంది. మీటింగ్‌కి పిలవలేదు, ఇది పొగేనా? పార్కింగ్ మార్చారు, ఇదీ పొగేనా? నాకూ వచ్చింది. ఒప్పందంలో తేదీలు ముందే రాసి ఉండటం వల్ల ఆ అనుమానం ఎక్కువ రోజులు నిలవలేదు. ఏ మెట్టు ఎప్పుడో ఇద్దరికీ తెలిస్తే పొగతో పని ఉండదు.

మెట్లు లేని మనిషి

ఇంతవరకు చదివి "బాగుందే" అనుకుంటే, ఇది కూడా చదవండి.

మా గుడికి ప్రతి శుక్రవారం వచ్చే డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. జగిత్యాల వైపు పల్లె. ఇరవై ఆరేళ్లుగా ఒకే యజమాని దగ్గర లారీ నడిపాడు. నన్ను "అమ్మా" అనేవాడు. నా కంటే నాలుగేళ్లే చిన్న. గుడిలో నేను ప్రసాదం పంచే వరసలో ఉంటాను. ఆయన చెప్పులు సర్దే చోట నిలబడేవాడు. ఎవరూ చెప్పకుండానే పిల్లల చెప్పులు ఒక పక్కకి జతలుగా పెట్టేవాడు.

ఒక శుక్రవారం ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ముప్పై రోజుల నోటీసు. చట్టం ప్రకారం సరిగ్గానే ఉంది. సర్వీసు లెక్క వేసి చూడమన్నాడు. వేశాను. అంకె కూడా సరిగ్గానే ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇరవై ఆరేళ్లకి ముప్పై రోజులు.

నా మూడు మెట్ల కాగితం ఆయన తీసుకెళ్లలేడు. వారానికి మూడు రోజులు లారీ నడుపుతానంటే వినేవాళ్లు లేరు. గోల్డెన్ రెసిడెన్సీకి 2,000 దినార్ల జీతం కావాలి. ఆయన జీతం అందులో పదో వంతు కూడా కాదు. 2017లో ఇక్కడ ఫ్లెక్సీ పర్మిట్ అని ఒకటి వచ్చింది. స్పాన్సర్ లేకుండా, ఫీజు కట్టి, తన పేరు మీద తాను పని చేసుకునే కాగితం. 2022లో దాన్ని తీసేసి వేరే నమోదు పద్ధతి తెచ్చారు. అలాంటి కాగితాలన్నీ ఇంకా పని చేయగలిగినవాళ్ల కోసం. మోకాళ్లు నొప్పులు పుడుతున్నవాళ్లకి కొంచెం కొంచెంగా దిగే దారి అందులో లేదు.

"ఈ ముప్పై రోజులు ఏం చేస్తారు?" అని అడిగాను. నేను ఊరికి కొనుక్కెళ్లే సామాన్ల గురించి చెబుతాడనుకున్నాను. ఆయన చెప్పింది వేరు. కొత్తగా వచ్చిన డ్రైవర్ చిన్న పిల్లాడట, నేపాల్ అబ్బాయి. అతన్ని రోజూ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తున్నాడు. హిద్ద్‌లో రేవు గేటు దగ్గర ఏ వరసలో నిలబడాలి, ఏ గిడ్డంగిలో లారీ వెనక్కి తిప్పడానికి చోటు చాలదు, ఏ మలుపులో ఎండాకాలం టైరు వేడెక్కుతుంది, అన్నీ చూపిస్తున్నాడు. యజమాని చెప్పమన్నాడా అని అడిగాను.

"లేదమ్మా. మా నాయిన కొత్త గిత్తను ఎప్పుడూ ఒంటిగ కట్టకపోయేది. ముసలెద్దు పక్కన కట్టేది. ముసలెద్దు దారి చెప్తది, గిత్త బరువు గుంజుతది. ఒక పంట అయ్యేవరకు గిత్తకు దారి వస్తది, ముసలిదానికి మెడ తేలికైతది."

పొలం సంగతి ఇంకొకరు చెప్పారని పైన రాశాను కదా, అది ఇదే. స్వీడన్ చట్టం, అమెరికా ఐదో వంతు షరతు, నా మూడు మెట్లు, అన్నీ ఆయన నాన్నగారి కాడి కింద ఉన్నాయి. అక్కడ గిత్తకి ఒక పంటకాలం దొరికింది. ఇక్కడ ఆయనకి ముప్పై రోజులు దొరికాయి. వాటినే ఆయన పంటకాలంలా వాడుకున్నాడు.

వెళ్లేముందు చెప్పులు సర్దే చోటు కూడా ఒక కుర్రాడికి అప్పగించి వెళ్లాడు. పిల్లల చెప్పులు ఇప్పటికీ జతలుగా, ఒక పక్కన ఉంటున్నాయి.

ఆయన ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. రెండు నెలలకోసారి ఫోన్ చేస్తాడు. "ఎట్లున్నరు?" అని అడిగితే "ఏం జేస్తలేనమ్మా, కూసున్న" అంటాడు. ఆ "కూసున్న" అనే మాట విన్నప్పుడల్లా నాకు పెదనాన్న పాల ఫైలు గుర్తొస్తుంది. మెట్లు దిగే అవకాశం కొందరికే ఉన్న సౌకర్యంగా మిగిలిపోతే అది సగం పనే. నెల జీతం 2,000 ఉన్నవాళ్లకి పదేళ్ల కాగితం ఉన్నప్పుడు, ఇరవై ఆరేళ్లు లారీ నడిపినవాళ్లకి చివరి ఆరు నెలలు తేలిక పని, కొత్తవాళ్లకి నేర్పే పని ఎందుకు ఉండకూడదు? దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక యజమాని అనుకుంటే చాలు. మీలో మనుషులని పనిలో పెట్టుకున్నవాళ్లు ఉంటే, ఈ పేరా రెండుసార్లు చదవండి.

మిగిలిన రోజులు

ఐదు రోజులు మూడు అయినప్పుడు నాకు సోమవారం, బుధవారం మిగిలాయి. సోమవారం గుడి సామాన్ల లెక్క. బుధవారం తెలుగు. నేను తెలుగు అక్షరాలు దిద్దడం యాభై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను కానీ, వాక్యాలు రాయడం ఆ బుధవారాల్లోనే వచ్చింది. "రిటైరయ్యాక తెలుగు నేర్చుకుంటాను" అని మీరు చాలామంది నాకు రాస్తారు. నా సలహా ఇది: ఒక బుధవారం ముందే తీసుకోండి. రిటైరైన రోజు ఉదయం చేతిలో ఏ అలవాటూ లేకపోతే, అప్పుడు కొత్తది పట్టుకోవడం కష్టం. అప్పటికే ఒకటి ఉంటే, దాన్ని కొంచెం పెంచుకోవడం తేలిక.

ఈ నెల అభ్యాసం: మీ ఇంట్లో పని చాలించిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, అమ్మమ్మ గానీ, బాబాయి గానీ, పక్కింటి ఆంటీ గానీ, వాళ్లని తెలుగులో ఒక ప్రశ్న అడగండి. "మీరు ఏ పని, ఎవరికి అప్పగించారు?" జవాబు ఐదు వాక్యాల్లో రాసి పంపండి. అప్పగించడం, చాలించడం, దిగడం, నేర్పడం అనే నాలుగు క్రియల్లో కనీసం రెండు వాడండి. తప్పులు నేను దిద్దుతాను. నాకిప్పుడు సమయం ఉంది.